నాలుగు గొంతుల పెట్టె

టంకం చల్లారేదాకా గౌరీశంకర్ ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తీగ వెంట్రుకవాసి కదిలినా అతుకు నిలవదు, పని మళ్లీ మొదటికొస్తుంది. మిక్సీ అయినా, టేబుల్ ఫ్యాను అయినా, ఆఖరి అతుకు దగ్గర అతనికి ఊపిరి దానంతటదే ఆగిపోతుంది. కళ్లజోడు ముక్కు కొసదాకా జారింది. బనియను పొట్ట మీద పాత టంకం చుక్కలు పడి కాలిన చిల్లులు జల్లెడలా ఉన్నాయి. ఎడమ బొటనవేలు కాలి కాలి మొద్దుబారిపోయింది. వేడి తెలుసుకోవడానికి ఆ వేలు ఇక పనికిరాదు.

"అయిందా?" అంది మాణిక్యాంబ వంటింట్లోంచి.

"అయిపోయినట్టే."

"మీ అయిపోయినట్టేలు నాకు తెలుసులెండి."

బరంపురం లంజిపల్లిలో వాళ్లది మూడు గదుల మేడ. ముందు గది దుకాణం. బాగుచేయవలసిన మిక్సీలు, బాగుచేసినా ఎవరూ తీసుకెళ్లని మిక్సీలు అక్కడ కలిసిమెలిసి ఉంటాయి. వెనక గది రేడియోలది. మిగిలిన గదీ, వంటిల్లూ, దేవుడి మందిరమూ మాణిక్యాంబవి. పెళ్లయిన నాటి నుంచీ ఈ పంపకం ఇలాగే ఉంది. పేచీ అల్లా వెనక గది తన సరిహద్దు దాటి వంటింట్లోకి వినిపించడం గురించే.

వెనక గదిలో గోడకి కొట్టిన బల్ల మీద నాలుగు సెట్లు ఉండేవి, గదిలో నాలుగు చోట్ల నాలుగు స్పీకర్లు ఉండేవి. గడియారం కింది స్పీకరులో హామ్ రేడియో స్నేహితులు మాట్లాడేవారు. బీరువా మీది దానిలో రేవు వాళ్ల వాతావరణ ప్రకటనలు వచ్చేవి. తూర్పు కిటికీ పక్కన ఉన్నదీ, దక్షిణపు గుమ్మం మీద ఉన్నదీ సముద్రానివి. ఆ రెండింటికోసం మేడ మీద రెండు చేపముల్లు యాంటెనాలు కట్టాడు. ఒకటి రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ వైపు, అక్కడి జాలరి ఊరు పొడంపేట మీదుగా చూస్తుంది. రెండోది గోపాల్‌పూర్ వైపూ, దాని కింది సముద్రం వైపూ చూస్తుంది. చేపముల్లు ఏ వైపు చూస్తే ఆ వైపు మాటలే అందుకుంటుంది. కనక కిటికీ మాట్లాడితే పడవ మొగ దగ్గరుందని, గుమ్మం మాట్లాడితే గోపాల్‌పూర్ వైపు ఉందని గౌరీశంకర్‌కి తల ఎత్తకుండానే తెలిసిపోయేది. ఈ కాలంలో కూడా వీళ్లు యాంటెనా పెట్టి టీవీ చూస్తున్నారని ఎదురింటివాళ్లు నవ్వుకునేవారు.

నాలుగూ ఒక్కసారి నోరు విప్పితే మాత్రం ఇల్లు చేపల బజారయ్యేది. దీపావళి వెళ్లి కార్తీకం వచ్చింది. ఈ నెలరోజులూ సాయంత్రం దీపం పెట్టుకుని నాలుగు నామాలు చదువుకుంటాను, ఆ గోల కాస్త తగ్గించండని మాణిక్యాంబ అడిగింది. ఎప్పుడూ విసుక్కునే మనిషి ఈసారి విసుక్కోకుండా అడిగింది. అందుకని అతను పాత మైకుసెట్టు ఆంప్లిఫయరు విప్పి, నాలుగు సెట్ల తీగలూ అందులోకి తెచ్చి, ఒక్క పెట్టెలో ఒక్క స్పీకరుకి కలిపాడు. ఎవరూ మాట్లాడనప్పుడు పెట్టె నోరు మూసుకుంటుంది. ఎవరు మాట్లాడితే వాళ్ల గొంతు మాత్రమే, గురగుర లేకుండా, గది మధ్యలోంచి వస్తుంది.

ఏ సెట్టు మాట్లాడుతోందో తెలియడానికి పెట్టె ముందు నాలుగు చిన్న ఎర్రదీపాలు పెట్టాలనుకున్నాడు. చిల్లులు కూడా వేశాడు. తీరా సొరుగు వెతికితే దీపాలు లేవు. బజారుకెళ్లి తేవాలి. రేపు తేవచ్చులే అనుకున్నాడు. పాత స్పీకర్లు నాలుగూ విప్పేసి గోనెసంచిలో కట్టి అటక ఎక్కించాడు.

రాత్రి వంట వేళకి స్విచ్చి వేస్తే పెట్టె ఒకసారి గొంతు సవరించుకుని ఊరుకుంది. మాణిక్యాంబ చేతిలో గరిటెతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎంతసేపు చూసినా చప్పుడు లేదు.

"ఇప్పుడు మనుషులుండే ఇల్లులాగుంది," అంది. ఆ మాటకి అతనికి నిజంగా సంతోషం వేసింది. మెచ్చుకోళ్లు అతని జీవితంలో అంత విరివిగా ఏమీ పండలేదు.

తండ్రి బరంపురంలో తెలుగు మాస్టారు. అన్నలిద్దరూ చదువుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నారు. గౌరీశంకర్ డిగ్రీ రెండుసార్లు తప్పి, స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. పెళ్లిళ్లలో బంధువులు అన్నలని ఉద్యోగంతో సహా పరిచయం చేసి, అతని వంతు వచ్చేసరికి "వీడు మా మూడోవాడు, ఇక్కడే ఉంటాడు" అనేవారు. ఇక్కడే ఉండటం ఒక వృత్తి అయినట్టు. ఫైలిన్ తుఫానుకి ఊళ్లో కరెంటు, ఫోన్లు అన్నీ పడిపోయినప్పుడు, ఎక్కణ్ణుంచో వచ్చిన ఒకాయన కారు బ్యాటరీ మీద చిన్న సెట్టు పెట్టుకుని బయటి లోకంతో మాట్లాడటం చూశాడు. ఆ మనిషి చుట్టూ జనం గుమిగూడారు. అందరూ ఒకటే అడుగుతున్నారు, మావాళ్లు ఎలా ఉన్నారని. అతను చెబుతున్నాడు. గౌరీశంకర్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. యాభై దాటిన వయసులో పరీక్ష రాసి హామ్ లైసెన్సు తెచ్చుకున్నాడు. అది తండ్రి ఫోటో పక్కనే అద్దం కట్టించి ఉంది. అయితే ఆ లైసెన్సుతో స్నేహితుల సెట్టులోనే మాట్లాడవచ్చు. సముద్రం సెట్లలో వినడమే, బదులు పలికే వీలు లేదు.

అతన్ని మొదటిసారి ఎవరైనా మావాళ్లు ఎలా ఉన్నారని అడిగారంటే, అది చిట్టమ్మే.

చిట్టమ్మది పొడంపేట. తెల్లవారుతూనే ఆటోలో గంజాం వచ్చి, అక్కణ్ణుంచి బస్సెక్కి, బరంపురం వీధుల్లో చేపలమ్ముతుంది. ఒడియా ఇళ్ల ముందు ఒడియాలోనూ, తెలుగు ఇళ్ల ముందు తెలుగులోనూ బేరమాడుతుంది. గుడ్డు కూడా ముట్టని ఈ ఇంటి ముందు ఆగవలసిన అవసరం ఆమెకి లేదు. ఒకరోజు నెత్తిన బేసిన్‌తో దాటిపోతూ ఠక్కున ఆగిపోయింది. వెనక గది కిటికీలోంచి ఆమె మొగుడి గొంతు వినిపిస్తోంది.

"బాబూ, మా మావ మీ ఇంట్లో ఏటి సేస్తన్నాడు?" అని అరిచింది.

అలా మొదలైంది. ఆమె మొగుడు లక్ష్ముడు. మరిద్దరితో కలిసి ఇంజను పడవ మీద వేటకెళతాడు. ఒడ్డునున్నవాళ్ల చేతిసెట్లకి వాళ్ల మాట అంత దూరం అందదు. గౌరీశంకర్ చేపముల్లుకి అందుతుంది. ఆనాటి నుంచీ చిట్టమ్మ రోజూ ఈ అరుగు మీద బేసిన్ దించి, కిటికీ దగ్గరికొచ్చి ఒకే ప్రశ్న అడుగుతుంది. మగవాడు నీళ్ల మీద ఉండగా ఎప్పుడొస్తాడని ఆడది నోటితో అనకూడదని ఆమె అత్త చెప్పిందట. అలా అంటే రాకని ఆపినట్టేనట. అందుకని ఆమె ఆ మాట అడగదు.

"ఏ పక్కన్నాడు బాబూ?" అంటుంది.

"మొగ పక్కనే అమ్మా," అంటాడు అతను. ఆమె బేసిన్ ఎత్తుకుని వెళ్లిపోతుంది. అంతకు మించి వాళ్ల మధ్య మాటలు లేవు. లక్ష్ముణ్ణి గౌరీశంకర్ కళ్లతో చూడనే లేదు. గొంతు మాత్రం తెలుసు. కాస్త బొంగురు, మాట చివర చిన్న నవ్వు. తోటివాణ్ణి తిట్టేటప్పుడు కూడా ఆ నవ్వు ఉంటుంది.

నవంబరు వస్తే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమని మొగ దగ్గర వేట ఆపేస్తారు. ఇక నాలుగు రోజులే ఉందని, గాలి బాగులేకపోయినా పడవలు నిన్న వెళ్లాయి. సాయంత్రం రేవువాళ్లు అల్పపీడనం సంగతి చెప్పేసరికి చాలా పడవలు తిరిగొచ్చేశాయి. లక్ష్ముడి పడవ రాలేదు. ఈరోజు తెల్లవారింది కానీ ఎండ రాలేదు. ఈశాన్యపు గాలి మేడ మీది యాంటెనాలని పట్టుకుని ఊపుతోంది. వాటి ఇనపకాడ గోడకి తగిలి ఉండి ఉండి ఠంగుమంటోంది.

గౌరీశంకర్ కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నప్పుడు పెట్టె పలికింది.

"ఇంజిను ఆగిపోనాది. ఒడ్డు అగుపిస్తంది. ఎవులైనా తాడట్టుకుని రండి."

లక్ష్ముడి గొంతే. నవ్వు లేదు. గౌరీశంకర్ తల అలవాటుగా కిటికీ వైపు తిరిగింది, అక్కణ్ణుంచి గుమ్మం వైపు తిరిగింది. మాట ఆ రెండు చోట్ల నుంచీ రాలేదు. గది మధ్యలోంచి, పెట్టెలోంచి వచ్చింది. పెట్టె ముందు నాలుగు చిల్లులు నల్లగా ఉన్నాయి.

మళ్లీ మాట్లాడతాడని గ్లాసు కింద పెట్టకుండా నిలబడ్డాడు. పెట్టె నోరు విప్పలేదు. సెట్ల తీగలు లాగి చూద్దామని చెయ్యి చాచేసరికి అరుగు మీద బేసిన్ దించిన చప్పుడైంది.

చిట్టమ్మ మొహం పీక్కుపోయి ఉంది. రాత్రి నిద్ర లేదని తెలుస్తూనే ఉంది. బేసిన్‌లో చేపలున్నా, అమ్మడానికి కాదు, ఇక్కడికి రావడానికే ఆమె ఈ పూట బస్సెక్కింది. కొంగు నడుముకి బిగించుకుని కిటికీ ఊచలు పట్టుకుంది.

"మాటాడినాడా బాబూ?"

"మాట్లాడేడు. ఇప్పుడే. ఇంజను ఆగిపోయిందట. ఒడ్డు కనిపిస్తోందట, తాడు పట్టుకుని రమ్మన్నాడు."

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. "ఏ పక్కన్నాడు?"

తెలీదు అనవలసిన చోటు అదే. ఆ మాట గౌరీశంకర్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇన్నాళ్లలో ఆ ఆడమనిషికి అతను తెలీదని ఒక్కసారి కూడా చెప్పలేదు. లోకంలో అతనికి తెలుసని నమ్మి అడిగే మనిషి ఆమె ఒక్కతే. పైగా లక్ష్ముడు ఎప్పుడూ ఆ పక్కనుంచే మాట్లాడతాడు, ఈరోజు మాత్రం వేరే చోట ఎందుకుంటాడు?

"మొగ పక్కనే," అన్నాడు.

ఆమె అక్కడే నిలబడి నడుముకి కట్టుకున్న సంచిలోంచి ఫోను తీసి ఊరి పెద్ద నీలకంఠానికి చెప్పింది. "మామా, మొగ కాడే ఉన్నారంట. మేస్ట్రుగారబ్బాయిగోరు సెప్పేరు. పడవలు తియ్యండి." ఫోను మళ్లీ సంచిలో దోపుకుంది.

"బేసిన్ ఇక్కడుంచుతాను బాబూ. రేపొచ్చి అట్టుకెల్తాను. మీకు వాసనొస్తాది, ఏటనుకోకండి," అని, బదులు వినకుండానే బస్సు కోసం పరుగెత్తింది.

గౌరీశంకర్ దుకాణంలోకి వచ్చి కూర్చున్నాడు. ఎవరో మిక్సీ తెచ్చారు, బ్లేడు పట్టేసిందన్నారు. విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. మేడ మీద ఇనపకాడ ఠంగుమంటూనే ఉంది. గాలి ఈశాన్యం నుంచి కొడుతోంది. ఈశాన్యం నుంచి కొట్టే గాలి ఇంజను లేని పడవని ఎటు నెడుతుంది? ఈ ప్రశ్న అతనికి మిక్సీ మూత చేతిలో ఉండగా తట్టింది. నిన్నటి నుంచీ అదే గాలి. మొగ దగ్గర వదిలిన బెండు ముక్క కూడా ఈపాటికి గోపాల్‌పూర్ వైపు కొట్టుకుపోయి ఉంటుంది. మిక్సీ తెచ్చిన మనిషిని కూర్చోమనకుండానే, వెళ్లమనకుండానే వెనక గదిలోకి పరుగెత్తాడు.

తీగలన్నీ లాగేసి మొగ సెట్టు ఒక్కటే పెట్టెకి కలిపాడు. వెంటనే గొంతులు వినిపించాయి. పొడంపేట వాళ్లే, గాలిలో అరుచుకుంటున్నారు. "ఇక్కడెవులూ నేరు. ఇంకా పైకెల్లి సూడండి." ఆ తీగ లాగి గోపాల్‌పూర్ తీగ కలిపాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బాగా అడుగునుంచి, పలచగా, బొంగురుగా ఆ గొంతు వచ్చింది.

"లైట్‌హౌసు అగుపిస్తంది... నీలొచ్చేస్తన్నాయి... తాడట్టుకుని రండి."

లైట్‌హౌసు గోపాల్‌పూర్‌లో ఉంది. మొగ దగ్గర లేదు.

చిట్టమ్మకి ఫోను చేశాడు. మోగింది, మోగి ఆగింది. బస్సు గోలలో, నడుము సంచిలో అది ఎవరికి వినిపిస్తుంది? మళ్లీ చేశాడు. నీలకంఠం నంబరు అతని దగ్గర లేదు. గోపాల్‌పూర్ తీరం పోలీసులకి చేశాడు. అవతలివాళ్లు ఓపిగ్గా అన్నీ రాసుకున్నారు. పడవ తీస్తున్నామన్నారు. మధ్యాహ్నం మళ్లీ చేస్తే, రెండుసార్లు బయలుదేరితే రెండుసార్లూ కెరటాలు ఒడ్డుకే విసిరేశాయని, గాలి కాస్త తగ్గాలని చెప్పారు. పొద్దున్నే అయితే దాటగలిగేవాళ్లమని కూడా అన్నారు. మామూలుగా అన్నమాటే.

మాణిక్యాంబ కంచంలో అన్నం పెట్టుకొచ్చి పక్కన పెట్టింది. ఎంతకీ ముట్టకపోతే కంచం తీసేసి, తనూ తినకుండా గుమ్మంలో కూర్చుంది.

"నాకోసం చేశారు ఈ పెట్టె," అంది చివరికి.

"నీదేం లేదు. ఏ పక్కో తెలీదని చెప్పలేకపోయాను. అంతే."

పెట్టె పూటంతా కాసేపు పలికింది, కాసేపు ఊరుకుంది. లక్ష్ముడు తాడు గురించి అడగడం మానేశాడు. ఒకసారి తోటివాణ్ణి తేలే డబ్బా వదలొద్దని తిట్టాడు. గౌరీశంకర్ ఆ తిట్టు కింద నవ్వు కోసం వెతికాడు, ఉన్నట్టే అనిపించింది. చెవి పెట్టెకి ఆనించి కూర్చున్నాడు. సెట్టు బ్యాటరీ అయిపోవస్తున్న కొద్దీ గొంతు దూరమవుతోంది.

"ఎవులైనా ఇంతన్నారా?"

"వింటున్నానురా," అన్నాడు గౌరీశంకర్ పెట్టెతో. "వింటున్నాను నాయనా." ఆ సెట్టులో బదులు పలికే వీలు లేదు.

తర్వాత పెట్టె నోరు మూసుకుంది. గురగుర లేదు, చప్పుడు లేదు. నిన్న రాత్రి మాణిక్యాంబ మెచ్చుకున్న నిశ్శబ్దమే అది. ఆమె లేచి తులసి దగ్గర దీపం పెట్టింది. గాలికి నిలవలేదు. మళ్లీ వెలిగించలేదు, లోపలికొచ్చేసింది.

దీపాల వేళ దాటాక ఫోను మోగింది. చిట్టమ్మ. వెనకాల సముద్రం హోరు.

"బాబూ, ఫోను ఇప్పుడే సూసినాను. మొగ కాడ ఎవులూ నేరు. అంతా ఎతికేరు. ఏ పక్కన్నాడు బాబూ?"

ఈసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నీళ్లు లాక్కుపోయాయి అనవచ్చు. అంటే ఆమె నమ్ముతుంది.

"గోపాల్‌పూర్ పక్కనమ్మా," అన్నాడు. "పొద్దుట్నుంచీ అటే ఉన్నాడు. సెట్లన్నీ ఒక పెట్టెలో కలిపేశాను. అందులో పక్క తెలీదు. నాకు తెలీదని నీకు చెప్పలేదు."

తిడుతుందని ఎదురు చూశాడు. తిట్టాలని కోరుకున్నాడు.

"రోజూ సెప్పీవోరు కద బాబూ," అంది చిట్టమ్మ. ఫోను ఆగిపోయింది.

మర్నాడు గాలి తగ్గాక గోపాల్‌పూర్ జాలర్లకి పడవ తిరగబడి దొరికింది. డబ్బాలు పట్టుకున్న ఇద్దరు బతికి ఒడ్డుకి చేరారు. లక్ష్ముణ్ణి తర్వాత ఎప్పుడో, ఇంకా కిందికి, సోనాపూర్ వైపు కెరటాలు తెచ్చి పడేశాయని తెలిసింది. గౌరీశంకర్ పొడంపేట వెళ్లాడు. ఊరి మొదట్లో బస్సు దిగి, ఇసకలో కొంత దూరం నడిచి, ఆ ఇంటి ముందు జనాన్ని చూసి ఆగిపోయాడు. ఎవరూ అతన్ని ఎరగరు, ఎవరూ ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాడు.

బజారుకెళ్లి ఎర్రదీపాలు తెచ్చాడు. ఊపిరి బిగబట్టి నాలుగు చిల్లుల్లో నాలుగూ అతికాడు. ఇప్పుడు ఎవరు మాట్లాడినా పక్క తెలుస్తుంది. అడగడానికి ఎవరూ రారు. వీధిలోకి వేరే ఊరి ఆమె చేపలు తెస్తోంది. ఈ అరుగు దగ్గర ఆగదు, మడి ఇల్లని ఎవరో చెప్పి ఉంటారు.

చిట్టమ్మ బేసిన్ కోసం రాలేదు, ఎవరినీ పంపలేదు. చేప వాసనకి ముక్కు మూసుకునే మాణిక్యాంబ ఆ మొదటి రాత్రే అందులోని చేపల్ని దొడ్డి వెనక పాతిపెట్టి, బేసిన్ బూడిదతో తోమింది. నూతి దగ్గర ఎంతసేపు తోమిందో. తెచ్చి ఎండకి అరుగు మీద బోర్లించింది. ఎవరూ దాన్ని లోపల పెట్టలేదు, బయట పారేయలేదు. వాన పడితే దాని మీద టపటపా చప్పుడవుతుంది. అడుగున సొట్టపడిన చోట ఒక పొలుసు ఎండి అతుక్కుపోయి, ఇప్పటికీ మెరుస్తోంది.